గేరు ఔటర్ వేరు, బ్రేకు ఔటర్ వేరు: డబ్బు ఇచ్చే ముందు కోసిన కొస చూడండి

పాత గేరు సైకిలుకు వైర్లు మార్పించాలనుకుంటున్నవారు, ముఖ్యంగా ఆ సైకిలు ఇంట్లో పిల్లలు తొక్కేదైతే, దయచేసి ఇది చివరిదాకా చదవండి. గత నెలలో నేను ఈ పని మీద రెండుసార్లు దెబ్బతిన్నాను. మొదటిసారి పోయింది డబ్బు. రెండోసారి మా అబ్బాయికి ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది.

మాది విశాఖపట్నం. సముద్రం మా ఇంటికి కిలోమీటరు దూరం కూడా ఉండదు. పదిహేనేళ్ళ కిందట కొన్న మౌంటెన్ బైక్ ఒకటి ఉంది. ఇనుప చట్రం, 26 అంగుళాల చక్రాలు, ముందు 3, వెనక 7, మొత్తం 21 గేర్లు. చట్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది కానీ ఉప్పుగాలికి గేరు వైర్లు తుప్పు పట్టి, వాటి మీది ఔటర్ గొట్టాల్లో బిగుసుకుపోయాయి. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద రుషికొండ దాకా వెళ్ళి వస్తాడు. ఎత్తు వచ్చినప్పుడు గేరు మారడం లేదని వాడు చెబితే, నగరంలో పేరున్న ఒక పెద్ద సైకిళ్ళ దుకాణానికి తీసుకెళ్ళాను.

గేర్ల ఇన్నర్ వైర్లు, ఔటర్లు అన్నీ కొత్తవి వేయమన్నాను. 850 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో ‘ఒరిజినల్ గేరు కేబుల్ సెట్’ అని రాశారు. స్టాండు మీద చక్రం తిప్పి చూపించినప్పుడు అన్ని గేర్లూ చక్కగా పడ్డాయి. రోడ్డు మీదికి వచ్చాక అసలు సంగతి బయటపడింది. ఒక క్లిక్కు నొక్కితే చైను కదలదు, రెండోది నొక్కితే రెండు పళ్ళచక్రాలు ఒకేసారి దూకుతుంది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిప్పితే చాలు, ఎవరూ నొక్కకుండానే చైను పక్క చక్రం మీదికి ఎక్కబోతూ టకటకమని కొట్టుకునేది.

మూడుసార్లు వెనక్కి తీసుకెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ వైరు బిగువు సరిచేసే అడ్జస్టర్ మరను అటు కాస్త, ఇటు కాస్త తిప్పి పంపించారు. మూడోసారి, “మీ డీరెయిలర్ (చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరోదాని మీదికి జరిపే భాగం) అరిగిపోయింది సార్, షిఫ్టర్లతో (గేరు మీటలతో) కలిపి కొత్తది వేయించుకోండి, 2,600 అవుతుంది” అన్నారు. ఆ మాట నమ్మి డబ్బు తీయబోయాను కూడా. ఎందుకో మనసొప్పక సైకిలు ఇంటికి తెచ్చేశాను.

ఆ సాయంత్రం వెనక డీరెయిలర్ దగ్గరి ఔటర్‌ను గూటిలోంచి లాగి, దాని కొసను వెలుతురులో పట్టి చూశాను. నల్లటి ప్లాస్టిక్ తొడుగు లోపల చదునైన ఇనుపపట్టీ ఒకటే, స్ప్రింగులాగా చుట్టలు తిరుగుతూ పోయింది. కటింగ్ ప్లేయరుతో నొక్కి తెంపినట్టున్నారు, చివరి చుట్ట లోపలికి వంగిపోయి మధ్యలోని తెల్లటి సన్నగొట్టాన్ని కరిచి పట్టుకుంది. వైరు కదిలినప్పుడల్లా అక్కడ గీసుకుంటోంది. అది గేరు ఔటర్ కాదు, బ్రేకు ఔటర్.

ఈ తేడా ఎంత పెద్దదో దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ వివరంగా చెబుతాను. పూర్వం ఇలాంటి సైకిళ్ళలో చాలావాటి గేరు మీటకు క్లిక్కులు ఉండేవి కావు, తొక్కేవారు చేతి అంచనాతోనే సరిచూసుకునేవారు. 1984లో షిమానో సంస్థ దురా-ఏస్ గేర్లలో క్లిక్కు పద్ధతి తెచ్చింది, అది క్రమంగా దాదాపు అన్ని గేరు సైకిళ్ళకూ పాకింది. మనలాంటి 7 గేర్ల సైకిలులో ఒక్కో క్లిక్కుకు కదిలే వైరు సుమారు 3 మిల్లీమీటర్లు. పళ్ళచక్రాల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. వైరు లెక్కలో అర మిల్లీమీటరు తప్పినా చైను దాదాపు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగి నిలుస్తుంది. చుట్టల ఔటర్‌ను ఒత్తితే చుట్టలు దగ్గరవుతాయి, వంచితే దాని పొడవు మారుతుంది. హ్యాండిల్ తిప్పితే గేరు కదలడానికి కారణం అదే. గేరు ఔటర్ నిర్మాణమే వేరు. కోసి చూస్తే తెల్లటి గొట్టం చుట్టూ చిన్న చిన్న ఇనుప చుక్కలు గుండ్రంగా పేర్చినట్టు కనిపిస్తాయి. ఆ చుక్కలు ఔటర్ పొడవునా పక్కపక్కనే సాగే సన్నని తీగల కొసలు. అవి నిలువునా నిలబడి ఉంటాయి కనుక ఒత్తినా పొడవు తగ్గదు.

పైకి చూస్తే ఈ తప్పు ఎందుకు తెలియదంటే, గేరు ఔటర్ మందం సాధారణంగా 4 మిల్లీమీటర్లు, దాని కొసకు చిన్న టోపీ తొడిగితే గానీ చట్రం మీది గూటిలో సరిగ్గా కూర్చోదు. 5 మిల్లీమీటర్ల బ్రేకు ఔటర్ చాలా చట్రాల్లో టోపీ లేకుండానే అదే గూటిలోకి దూరిపోతుంది. పని తొందరగా అయిపోతుంది, ఒకే రకం ఔటర్ తెచ్చిపెట్టుకుంటే దుకాణానికి రెండు పనులకూ సరిపోతుంది.

ఆ ముక్క పట్టుకెళ్ళి అడిగితే, “ఏ ఔటరైనా ఒకటే సార్, లోపలి వైరు బాగుంటే చాలు” అన్నాడు యజమాని. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నాకు బాధ కలిగించింది ఆ 850 కాదు. తాను వేసిన తప్పుడు గొట్టం వల్ల వచ్చిన లోపాన్ని చూపించి, బాగున్న డీరెయిలర్‌ను పారేయించబోయాడు. ఇలా ఎంతమంది కొత్త భాగాలు కొనుక్కుని వెళ్ళి ఉంటారో.

ఇక నేనే చేసుకుందామని ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. ‘గేర్లకూ బ్రేకులకూ సరిపోతుంది’ అని రాసి ఉంది. మూడు మీటర్ల ఔటర్, నాలుగు ఇన్నర్ వైర్లు, టోపీలు. కోసి చూస్తే చుక్కల రకమే. సంతోషంగా గేర్లకు వేశాను. పాత డీరెయిలర్‌తోనే, ఏ భాగమూ మార్చకుండా, ఏడు గేర్లూ ఒక్కో క్లిక్కుకు ఒక్కోటి చొప్పున పడ్డాయి. నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. ఆ ఉత్సాహంలోనే ఒక తప్పు చేశాను. కిట్ మీది మాట నమ్మి, మిగిలిన ఔటర్‌ను ముందు బ్రేకుకు వేశాను.

అబ్బాయి బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని బ్రేకు మీటను బలంగా నొక్కాను. నాలుగైదుసార్లు బాగానే పట్టింది. ఆ తర్వాత ఒక్కసారిగా ‘టప్’ మని, మీట వెళ్ళి హ్యాండిల్‌కు తగిలింది. వంపు దగ్గర ప్లాస్టిక్ నిలువునా చీలి, లోపలి తీగలు చీపురుపుల్లల్లాగా బయటికి విచ్చుకున్నాయి. ముందు బ్రేకు అన్నది లేనట్టే అయిపోయింది. వాడు మరో ఐదు నిమిషాల్లో తెన్నేటి పార్కు దగ్గరి దిగుడులో ఉండేవాడు.

గేరు ఔటర్‌లో పొడవు తీగలను కలిపి ఉంచేది పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే. గేరు వైరు లాగే కొద్దిపాటి బలానికి అది చాలు. బ్రేకు పట్టినప్పుడు పడే ఒత్తిడి అంతకు ఎన్నో రెట్లు, దానికి తీగలు తొడుగును చీల్చుకుని వచ్చేస్తాయి. చుట్టల ఔటర్ అలా పేలదు. బ్రేకుల కోసమే తయారైన పొడవు తీగల రకం కూడా ఒకటి ఉంది. దానికి తీగల మీద గట్టి నారతో అల్లిన మరో పొర ఉంటుంది, ధర కూడా బాగా ఎక్కువ. ‘అన్నిటికీ సరిపోయే’ చవక కిట్లలో వచ్చేది అది కాదు.

విక్రేతకు ఫోటోలు పంపాను. కోసిన వస్తువును వెనక్కి తీసుకోరట. ప్రకటనలో ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది.

కాబట్టి కొనేటప్పుడు మందం ఒక్కటే చూసి నమ్మకండి. నాకు వచ్చిన చుక్కల ఔటర్ కూడా 5 మిల్లీమీటర్లే ఉంది. కొస కోసి చూపించమనండి: చుక్కలు గేరుకు, చుట్ట బ్రేకుకు. ఇన్నర్ వైర్లలో తేడా కంటికే తెలుస్తుంది. గేరు వైరు మందం 1.2 మిల్లీమీటర్లు ఉండి తల చిన్నగా ఉంటుంది, బ్రేకు వైరు 1.5 లేదా 1.6 ఉండి తల లావుగా ఉంటుంది. మనలాంటి తీరప్రాంతం వారు పది ఇరవై రూపాయలకు చూడకుండా స్టెయిన్‌లెస్ స్టీలు వైరే తీసుకోండి. ఔటర్‌ను కేబుల్ కట్టర్‌తోనే కోయించండి, కోసిన చోట సూదిమొన పెట్టి లోపలి గొట్టం నోరు తెరిపించండి.

ఇటీవల ఎవరైనా ఇలాంటి ‘అన్నిటికీ సరిపోయే’ కిట్‌తో బ్రేకు ఔటర్లు మార్పించి ఉంటే, ఈరోజే బ్రేకు వైరు వదులు చేసి, ఔటర్‌ను గూటిలోంచి లాగి, టోపీ తీసి కొస చూడండి. గుండ్రంగా చుక్కలు కనిపిస్తే, అది మార్చేదాకా ఆ సైకిలును ఎవరికీ ఇవ్వకండి.