బెంగళూరులో టీఎంఎస్: కుర్చీకి కాదు, కాయిల్ పెట్టే చేతికి మార్కులు వేయండి

డిప్రెషన్‌కి టీఎంఎస్ (తలకి ఆనించిన కాయిల్ అనే తీగచుట్టతో అయస్కాంత పల్సులు పంపి మెదడుని ప్రేరేపించే చికిత్స) చేసే చోటు అంటే బెంగళూరులో మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది హోసూరు రోడ్డులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్. ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. అక్కడ ముందుగా చూపించేది మెత్తటి కుర్చీ, మెషిన్ బ్రాండు, ప్యాకేజీ రేటు. అవన్నీ తర్వాత. అసలు పనితనం మొదటి రోజే తెలిసిపోతుంది.

ఆ రోజు కాయిల్‌ని తలకి ఎడమవైపు ఆనించి, కుడి బొటనవేలు అదిరేదాకా పవర్ పెంచాలి. పదిసార్లలో ఐదుసార్లు అదిరిన పవరే మీ థ్రెషోల్డ్. చికిత్స మామూలుగా దానికి 120 శాతంలో ఇస్తారు. ఇది కొలవకుండా అందరికీ ఒకే నంబరు పెట్టే చోట అడ్వాన్సు కట్టొద్దు. మందుల డోసు మారినా, నిద్ర చెడినా ఆ నంబరు మారుతుంది, మళ్లీ కొలవమనండి.

తర్వాత కాయిల్‌ని ముందుకు, ఎడమ నుదుటి పైభాగానికి జరపాలి. బొటనవేలు అదిరిన చోటు నుంచి 5 సెంటీమీటర్లు జరిపేయడం పాత పద్ధతి. తల పెద్దదైతే కాయిల్ అసలు చోటుకి వెనకే ఆగిపోతుంది. టేపుతో తల చుట్టూ, ముక్కు మొదలు నుంచి వెనక బొడిపె దాకా, చెవి నుంచి చెవికి కొలిచి ఎఫ్3 పాయింటు (ఎడమ నుదుటి పైన కాయిల్ ఆనాల్సిన చోటు) గుర్తించేవాళ్లు నయం. ఎంఆర్ఐ నావిగేషన్ ఉంటే మంచిదే, లేదని వెనక్కి రానక్కర్లేదు. సెషన్ మధ్యలో తల వాలి కాయిల్ కాస్త లేచినా మెదడుకి అందే బలం పడిపోతుంది. టెక్నీషియన్ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే గట్టిగానే అడగండి.

పాత పద్ధతిలో సాగే 37 నిమిషాల సెషనే కావాలని పట్టుబట్టొద్దు. పల్సుల్ని గుంపులుగా వేగంగా ఇచ్చే తీటా బర్స్ట్ పద్ధతిలో 600 పల్సులు 3 నిమిషాల్లో అయిపోతాయి, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన కెనడా ట్రయల్‌లో ఫలితం తగ్గలేదు. వారానికి 5 రోజులు, 4 నుంచి 6 వారాలు వెళ్లాలి కాబట్టి ట్రాఫిక్ జామ్‌లకి పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ దాటక్కర్లేని సెంటర్ చూసుకోండి. సగం కోర్సులో మానేసేవాళ్లని ఓడించేది చాలాసార్లు ట్రాఫిక్కే.

చెవుల్లో ప్లగ్స్ పెట్టకుండా మొదలుపెట్టనివ్వొద్దు. నెత్తి మీద పొడిచినట్టు నొప్పి, తలనొప్పి మొదటి వారంలో మామూలే. పవర్ మెల్లగా పెంచితే తట్టుకోగలరు. ఫిట్స్ చాలా అరుదు. అయినా బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మాత్ర వాడుతున్నా, మద్యం తాగినా, రాత్రి నిద్ర లేకపోయినా ముందే చెప్పాలి. తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు కుర్చీ ఎక్కకూడదు.

తలకి సన్నటి కరెంటు పంపే టీడీసీఎస్ అనే ఇంకో చికిత్స చవక. ఉప్పునీటి స్పాంజిలతో 2 మిల్లీఆంపియర్లు, అరగంట. స్పాంజి ఆరితే చర్మం కాలుతుంది. 2017 ట్రయల్‌లో ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్రకి సాటి అని నిరూపించుకోలేకపోయింది కూడా. టీఎంఎస్‌కి 5కి 4 వేస్తే దీనికి 2.

"గ్యారంటీ" అన్న క్లినిక్‌కి సున్నా. మంచి ట్రయల్స్‌లోనే దాదాపు సగం మందికి గుణం కనిపించింది, పూర్తిగా తేరుకున్నది మూడోవంతు లోపే. వారం వారం పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం) స్కోరు రాయమనండి, తెలుగు ఫారం ఉంది. చనిపోవాలనే ఆలోచనలు గట్టిగా ఉంటే వారాలు పట్టే ఈ చికిత్స కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రైనా పలుకుతుంది.