బుడగ లెక్క మారని రెగ్యులేటర్

చేపలతో పాటు నీటిమొక్కలు పెంచే నా 120 లీటర్ల అక్వేరియం ట్యాంకుకి ఇప్పుడు వాడుతున్నది నేను కొన్న మూడో సీఓటూ సెట్టు (మొక్కల కోసం నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదిలేది). సిలిండర్ ప్రెషర్‌ని రెండు దశల్లో దించే డ్యూయల్ స్టేజ్ రెగ్యులేటర్, దానికి సోలినాయిడ్ (కరెంటుతో గ్యాస్ తెరిచి మూసే వాల్వ్), విడిగా బిగించిన నీడిల్ వాల్వ్ (బుడగల వేగం సరిచేసేది), 2 కిలోల సిలిండర్. 14 నెలలు వాడాక రాస్తున్నాను. కొనేముందు ఇదంతా ఎవరైనా నాకు విడమరిచి చెప్పి ఉంటే నా చేపలు కొన్ని బతికేవి.

అన్నిటికంటే ముందు, చక్కెర, ఈస్ట్ కలిపిన సీసాతో మొదలుపెట్టాను. మూడు రోజులు జోరుగా బుడగలు, రెండో వారానికి నీరసం. రాత్రి ఆపుదామంటే ఆగదు. గ్యాస్ కాస్త తక్కువైనా మొక్కలు సర్దుకుంటాయి, రోజుకో తీరుగా వస్తే మాత్రం తట్టుకోలేవు. అనూబియాస్ మొక్క ఆకుల అంచులకి నల్లటి గడ్డంలాంటి నాచు పట్టింది ఆ రోజుల్లోనే.

తర్వాత కొన్నది సిట్రిక్ యాసిడ్, వంటసోడా వేసే స్టీలు సీసా. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. రెండూ 200 గ్రాముల చొప్పున వేస్తే సుమారు 100 గ్రాముల గ్యాస్ వస్తుంది, వాల్వ్ ఉంటుంది కాబట్టి రాత్రి కట్టేయవచ్చు. 30, 40 లీటర్ల ట్యాంకు ఉన్నవాళ్లు అడిగితే ఇప్పటికీ అదే కొనమంటాను. నాకు మాత్రం రెండు వారాలకోసారి విప్పి, కడిగి, మళ్లీ నింపాల్సి వచ్చేది.

అప్పుడు సిలిండర్‌కి మారాను. రెగ్యులేటర్ దగ్గర డబ్బు మిగుల్చుకుందామని సింగిల్ స్టేజ్‌ది, నీడిల్ వాల్వ్ అందులోనే కలిసి ఉన్నది తీసుకున్నాను. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిదో నెలలో బుడగల వేగం కాస్త పెరిగినట్టు అనిపించింది. వాల్వ్ కొంచెం బిగించి ఊరుకున్నాను. ఆ వారం తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం చూస్తే రాస్బోరా చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. రొయ్యలు పక్కకి ఒరిగిపోయాయి. బబుల్ కౌంటర్‌లో లెక్కపెట్టడానికి బుడగలే లేవు, ధారగా పోతోంది. గ్యాస్ కట్టేసి, ఎయిర్ పంపు పెట్టి, సగం నీళ్లు మార్చాను. అయినా ఐదు చేపలు పోయాయి. మూడేళ్లుగా పెంచుకున్నవి. సిలిండర్ వైపు ప్రెషర్ గేజీ చూస్తే ముల్లు 10 బార్ల దగ్గర ఉంది.

ఎందుకిలా జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. సిలిండర్ లోపల సీఓటూ ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం కొంచెం మిగిలి ఉన్నా సరే, 20 డిగ్రీల దగ్గర ప్రెషర్ 57 బార్లలోనే నిలబడుతుంది. అందుకే గేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, తూకం వేసి చూడాల్సిందే. ద్రవం అయిపోయాక ప్రెషర్ పడటం మొదలవుతుంది. చిక్కంతా అక్కడే. సింగిల్ స్టేజ్‌లో లోపలికొచ్చే ప్రెషర్ తగ్గేకొద్దీ బయటికి వదిలే ప్రెషర్ పెరుగుతుంది. సిలిండర్ ప్రెషరే లోపలి వాల్వ్‌ని మూసి ఉంచడానికి సాయపడుతుంటుంది, అది తగ్గగానే స్ప్రింగ్‌ది పైచేయి అవుతుంది. చూస్తూ ఉండి సరిచేసుకునేవాళ్లకి సింగిల్ స్టేజ్ సరిపోవచ్చు. పగలంతా ఇంట్లో ఉండని నాలాంటివాళ్లకి వద్దంటాను.

డ్యూయల్ స్టేజ్‌లో మొదటి దశ ఆ ప్రెషర్‌ని మధ్యస్థాయికి దించి ఇస్తుంది, రెండో దశకి చేరేసరికి తేడా చాలా చిన్నదైపోతుంది. మొదటి సిలిండర్ ఖాళీ అవుతున్న వారాల్లో రోజూ రెండు గేజీలూ కాగితం మీద రాసుకున్నాను. సిలిండర్ వైపుది 60 బార్ల నుంచి 15కి దిగింది. బయటికి వదిలే వైపు గేజీ ముల్లు 2 బార్ల దగ్గర నుంచి కదల్లేదు. ఎన్ని నెలల టెన్షన్ తీరిందో మాటల్లో చెప్పలేను.

నీడిల్ వాల్వ్ గురించి కూడా చెప్పాలి. సెకనుకి రెండు బుడగలు పెట్టుకుంటే వారం తర్వాత కూడా రెండే ఉన్నాయి. పాతదానిలో పొద్దున పెట్టిన లెక్క సాయంత్రానికి ఉండేది కాదు. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోవాల్సి వస్తే డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్నటి బుడగలుగా నీళ్లలోకి వదిలేది) దగ్గర తగ్గించుకోండి, రెగ్యులేటర్, నీడిల్ వాల్వ్‌ల దగ్గర వద్దు. నాది మామూలు సిరామిక్ డిఫ్యూజరే. మూడు వారాలకోసారి శుభ్రం చేస్తే సన్నటి పొగలాంటి బుడగలు ఇస్తోంది.

సిలికాన్ ట్యూబ్ గోడల్లోంచే గ్యాస్ జారిపోతుంది, పాలీయురేతేన్‌ది వేసుకోండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ లోహంది తీసుకోండి, అది పాడైతే గ్యాస్ ఆగినప్పుడు నీళ్లు వెనక్కి నడిచి సోలినాయిడ్‌లోకి చేరతాయి.

నీళ్లలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్‌లో ట్యాంకు నీళ్లు పోయకూడదు, 4 డీకేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం కొలత) ద్రావణమే పోయాలి. ఆకుపచ్చ అంటే గ్యాస్ సుమారు 30 పీపీఎం (లీటరు నీటికి 30 మిల్లీగ్రాములు), నీలం తక్కువ, పసుపు ప్రమాదం. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి, రంగు చూడకముందే చేపల్ని చూడండి. నా టైమర్ లైటుకి రెండు గంటల ముందు గ్యాస్ తెరుస్తుంది, లైటు ఆరడానికి గంట ముందు మూస్తుంది.

ఈ సెట్టులో నచ్చనివీ ఉన్నాయి. చాలా బరువు, పొడవు. స్టాండు కింద పట్టక సిలిండర్‌ని పక్కన నిలబెట్టి గోడకి పట్టీతో కట్టాను (పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది). సోలినాయిడ్ చేతికి వెచ్చగా తగులుతుంది. అది మామూలేనట, కానీ మొదటివారం భయపడ్డాను. మర కూడా కుదరలేదు. నా సిలిండర్‌ది డబ్ల్యూ 21.8 రకం మర, రెగ్యులేటర్ సీజీఏ 320 అనే వేరే రకంతో వచ్చింది. అడాప్టర్ కోసం పది రోజులు ఆగాను, మీరు ముందే అడిగి తెలుసుకోండి. పెట్టెలో నైలాన్ వాషర్ ఒక్కటే ఇచ్చారు. నింపించిన ప్రతిసారీ కొత్తది వేస్తాను కాబట్టి అరడజను విడిగా కొని డ్రాయర్లో పెట్టుకున్నాను, పక్కనే సబ్బునీళ్ల సీసా. బిగించాక ప్రతి అతుకు మీదా ఆ నీళ్లు పూసి, నురుగు ఉబ్బకపోతేనే టైమర్ పెడతాను.