టైల్స్ పని, అరకు ప్రయాణం, మధ్యలో ఒక ఆవకాయ జాడీ

బెజవాడలో మే నెలంటే ఇంట్లో కూర్చోవడమే కష్టం. అలాంటిది ఈసారి మావారు సరిగ్గా ఆ నెలలోనే బాత్రూం టైల్స్ మార్పించి, హాలుకి రంగులు వేయించాలని పట్టుబట్టారు. "మీరు ఇంట్లో ఉంటే పని సాగదు మేడమ్, ఎటైనా వెళ్ళి రండి" అని మేస్త్రీ కూడా అనడంతో విశాఖ, అరకు ఖాయం చేసుకున్నాం.

మేస్త్రీలు ఆలస్యంగా రావడం అందరికీ తెలుసు. మా మేస్త్రీ చెప్పిన రోజుకంటే ముందే దిగాడు. ఆ ముందురోజే అత్తయ్యగారు ఆవకాయ కలిపి జాడీకి వాసెన కట్టారు. మూడోరోజు తిరగకలపాలి. ఇల్లంతా చూస్తే పాత టైల్స్ పగలగొట్టిన దుమ్ము. పక్కింట్లో పెడదామంటే, పరాయి చెయ్యి తగిలితే బూజు పడుతుందని ఆవిడ ససేమిరా అన్నారు. అలా జాడీ కూడా మాతోపాటు రత్నాచల్ రైలెక్కింది. తుని దాటేసరికి నూనె ఊరి, కింద పరిచిన పేపరు దాటి, ఎదురు సీటాయన చెప్పులదాకా వెళ్ళింది. తిడతాడనుకుంటే, ఆయన "కొత్తావకాయా అండీ?" అంటూ పెరుగన్నం డబ్బా మూత తీశాడు. "రేపటిదాకా వాసెన విప్పకూడదు బాబూ" అన్నారు అత్తయ్యగారు. పాపం, మూత మళ్ళీ పెట్టేసుకున్నాడు.

విశాఖలో బీచ్ రోడ్డుకి దగ్గర్లో దిగిన హోటల్ గురించి చెప్పాలంటే, ఏసీ బాగుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, టిఫిన్ ఫర్వాలేదు. బాత్రూంలో మాత్రం వాటం తిరగబడింది. నీళ్ళు పోవలసిన జాలీవైపు పోకుండా గుమ్మంవైపు వచ్చేవి. మామూలు రోజుల్లో అయితే తువ్వాలు అడ్డేసి ఊరుకునేవాళ్ళం. ఇంట్లో పని జరుగుతోంది కదా, మావారు స్నానానికని వెళ్ళి, మగ్గుతో నీళ్ళు పోస్తూ వాటం పరీక్షించి, ఫోటోలు తీసి మా మేస్త్రీకి పంపారు. "ఇలా మాత్రం చెయ్యకు" అని కింద రాశారు.

అదే హోటల్ వంటింటివాళ్ళకి మాత్రం నూటికి నూరు మార్కులు వేస్తాను. ఆవకాయ తిరగకలపాలి, పెద్ద పళ్ళెం, తడిలేని గరిటె కావాలని అడిగితే, అడిగినవి తేవడమే కాదు, చూడ్డానికి ముగ్గురు వచ్చారు. అత్తయ్యగారు గదిలో కింద పాత చీర పరుచుకుని, ఉప్పు చూసి, నూనె పోసి, తలో రెండు ముక్కలు చేతిలో పెట్టారు. మర్నాడు అరకు వెళ్తూ జాడీని వాళ్ళకే అప్పగించాం. తిరిగొచ్చేసరికి అంగుళం తగ్గింది. "పీల్చుకుంది పెద్దమ్మగారూ" అన్నాడు కుర్రాడు. ముక్క నూనె పీల్చుకోవడం నిజమే గానీ, ముక్కని ముక్క పీల్చుకోదు కదా!

ఊళ్ళో చూసినవాటిలో ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని వదులుకోకండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల ఒకరి వెనక ఒకరు, తల వంచుకుని నడవాలి, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. ఇందులో 75 మంది ఉండేవారని విన్నాక అత్తయ్యగారు నావైపు తిరిగి, "నలుగురున్న ఇంటికి బాత్రూం చాలట్లేదన్నారు మీరు" అన్నారు. కైలాసగిరికి సాయంత్రం వెళ్తేనే బాగుంటుంది. మధ్యాహ్నం వెళ్ళి మేం మాడాం.

అరకుకి కిరండూల్ రైల్లో, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో వెళ్ళాం. వేసవి సెలవుల్లో ఆ టికెట్లు దొరకడం కష్టం, ముందే చేసుకోవాలి. ఈ దారిలో సొరంగాలు యాభైకి పైనే. పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ ఫోను.

"సార్, హాలుకి ఏ రంగు? షేడ్ కార్డులో లేత ఆకుపచ్చ దగ్గర టిక్కుంది."

"లేత ఆకుపచ్చ వద్దు, గంధం రంగు వెయ్యి" అన్నారు మావారు. అనడానికైతే అన్నారు. "లేత ఆకుపచ్చ" దాకా బయట ఉన్నాం, "వద్దు" దగ్గర సొరంగంలోకి వెళ్ళాం. ఆ తర్వాత బొర్రా గుహలదాకా సిగ్నల్ లేదు.

బొర్రా గుహలు మాత్రం ఎన్నిసార్లు చూసినా చూడాలనిపిస్తాయి. సున్నపురాయి కరిగి కరిగి పైనుంచి వేలాడుతూ, కిందనుంచి లేస్తూ ఏర్పడిన రూపాలు, మనం దిగొచ్చిన రైలు మార్గం గుహల పైనుంచే పోతుంది. మెట్లు ఎక్కువ, పైనుంచి చుక్కలు పడి జారుతుంటాయి. రబ్బరు పట్టున్న చెప్పులే వేసుకోండి. "పైన లీకేజీ, వాటర్ ప్రూఫింగ్ చేయించలేదు" అని మావారు అనకుండా ఉండలేకపోయారు.

అసలు తమాషా అరకు బసలో ఉంది. దుమ్మూ చప్పుడూ పడలేక ఇల్లొదిలి వచ్చామా, మేం తీసుకున్న కాటేజీ పక్కదానికి టైల్స్ వేస్తున్నారు. పొద్దున్నే కట్టర్ మిషన్ మోత. మేనేజర్ గది మార్చాడు గానీ అద్దెలో రూపాయి తగ్గించలేదు, బుక్ చేసేముందు ఒక్క మాటైనా చెప్పలేదు. ఫోన్లో అడగాల్సినవాటిలో "పక్కన పనేమైనా జరుగుతోందా" అన్నది చేర్చుకోండి. మావారికి మాత్రం అదే స్వర్గం. కాఫీ కప్పు పట్టుకుని ఆ పనివాళ్ళ దగ్గర కూర్చుని, టైల్స్ పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనా కాదా చూసుకోవాలనీ, బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుందనీ నేర్చుకొచ్చారు. వెంటనే ఇంటికి ఫోన్ చేస్తే, ఒక పెట్టె తక్కువై మేస్త్రీ అప్పటికే వేరే బ్యాచ్ తెప్పించి వేసేశాడట.

గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం పక్కపక్కనే, పూట సరిపోతుంది. కాఫీ బాగుంది, చాక్లెట్లు ఇంకా బాగున్నాయి. వేసవిలో చాపరాయి దగ్గర నీళ్ళు పల్చగా పారతాయి, పిల్లలకి అదే మంచిది. బొంగులో చికెన్ తినాలంటే ఎదురుగా కాల్పించుకుని తినండి, ముందే కాల్చి పెట్టింది వద్దు. మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది, చలి అనుకుని స్వెట్టర్లు మోసుకెళ్ళకండి, సాయంత్రం ఒక శాలువా చాలు.

ఇంటికొచ్చి తలుపు తీస్తే హాలంతా లేత ఆకుపచ్చ. బాత్రూంలో కమోడ్ వెనక నాలుగు టైల్స్ మిగతావాటికంటే ఓ మోతాదు ముదురు. వాటం మాత్రం భేషుగ్గా కుదిరింది. హోటల్ ఫోటోలు గట్టిగానే పనిచేసినట్టున్నాయి. మావారు గంధం రంగు గురించి గొడవపెట్టబోతుంటే, పక్కింటావిడ వచ్చి చుట్టూ చూసి, "ఎంత చల్లగా ఉందండీ! ఆ షేడ్ నంబరు కాస్త ఇస్తారా?" అంది. అంతే, "నేనే సెలెక్ట్ చేశానండీ" అంటూ మావారు షేడ్ కార్డు వెతకడానికి లోపలికెళ్ళారు.