సూర్యారావుపేట ఆసుపత్రి సెల్లార్‌లో డిస్ట్రిబ్యూటెడ్ ఆంటెన్నా సిస్టమ్: పనితీరుపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలోని మా ఆసుపత్రికి రెండు సెల్లార్లు ఉన్నాయి. కింది సెల్లార్‌లో స్కానింగ్ విభాగం, మందుల కౌంటరు ఉండడంతో, రోగి వెంట వచ్చినవారు ఫోను మాట్లాడాలన్నా, యూపీఐలో డబ్బు చెల్లించాలన్నా మెట్లెక్కి వీధిలోకి రావలసి వచ్చేది. ఆ ఇబ్బంది తీర్చేందుకు నగరానికి చెందిన ఒక సంస్థ చేత డిస్ట్రిబ్యూటెడ్ ఆంటెన్నా సిస్టమ్, అంటే భవనంలో అక్కడక్కడా చిన్న ఆంటెన్నాలు అమర్చి మొబైల్ సిగ్నల్‌ను పంచే ఏర్పాటు, పెట్టించాము.

ఇది బజారులో దొరికే సిగ్నల్ బూస్టర్ (అందిన సిగ్నల్‌ను పెంచే పరికరం) కాదు. అనుమతి లేని బూస్టర్ వాడడం చట్టవిరుద్ధం. పైగా అది టవర్‌కు చేరే సంకేతాల్లో రొదను పెంచి చుట్టుపక్కల వారి కాల్స్‌ను కూడా చెడగొడుతుంది. ఇక్కడ ఆపరేటర్ల సమ్మతితో వారి బేస్ స్టేషన్ (ఫోన్లకు సిగ్నల్ ఇచ్చే పరికరం) నుంచే సిగ్నల్ తీసుకుని, ఆప్టికల్ ఫైబర్ మీదుగా అంతస్తుల్లోని రిమోట్ యూనిట్లకు (ఫైబర్‌లో వచ్చినదాన్ని మళ్లీ రేడియో సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) పంపి, అక్కడి నుంచి కోయాక్సియల్ కేబుల్ ద్వారా ఫాల్స్ సీలింగ్‌కు బిగించిన, బోర్లించిన గిన్నెల్లాంటి తెల్లని ఆంటెన్నాలకు అందిస్తారు. గోడకు ఇవతలా అవతలా వేర్వేరు ఆంటెన్నాలు స్వల్ప శక్తితో పనిచేస్తాయి కనుక మందపాటి కాంక్రీటును సిగ్నల్ దాటవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది శక్తిని పంచిన తీరు. సిగ్నల్‌ను చీల్చే స్ప్లిటర్‌తో రెండు సమపాళ్లు చేస్తే ఒక్కో పాయలో సగమే, అంటే 3 డెసిబెల్స్ తక్కువగా మిగులుతుంది. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే ఇంజినీరు దగ్గరి ఆంటెన్నాలకు కప్లర్ల (సిగ్నల్‌ను అసమానంగా పంచే పరికరాలు) ద్వారా కొద్ది పాలు మాత్రమే తీసి, మిగిలినదంతా చివరి ఆంటెన్నా వైపు సాగనిచ్చారు. ఆయన ఫోను పట్టుకుని మూలమూలా నడుస్తూ కొలిచినప్పుడు, మునుపు మైనస్ 120 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం; సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) దగ్గర కొట్టుమిట్టాడిన సిగ్నల్ మందుల కౌంటరు వద్ద మైనస్ 85కు చేరింది. ఇప్పుడు అక్కడ చెల్లింపు వెంటనే పూర్తవుతోంది.

అసంతృప్తి 5జీ విషయంలోనే. వాడిన కప్లర్లు, ఆంటెన్నాలు 2700 మెగాహెర్ట్జ్ వరకే పనికివస్తాయి. మన దేశంలో 5జీకి విరివిగా వాడుతున్న 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వాటి పరిధిలోకి రాదు. 2022 అక్టోబరులోనే దేశంలో 5జీ మొదలైంది. ఆ తరువాత ఇచ్చిన కొటేషన్‌లో ఈ పరిమితిని రాయకపోవడం సరికాదు. సెల్లార్‌లో ఫోన్లు 4జీకి దిగిపోతున్నాయి. కాల్స్‌కు అది చాలు గానీ, బరువైన స్కాన్ చిత్రాలను డాక్టరు గారికి పంపేటప్పుడు ఆలస్యం స్పష్టంగా తెలుస్తోంది. లిఫ్ట్ తలుపులు మూసుకోగానే కాల్ తెగిపోతోంది. లిఫ్ట్‌లోనూ సిగ్నల్ అందించడానికి విడిగా ధర అడిగారు.

ఫిర్యాదు చేస్తే మనిషిని పంపడంలో మాత్రం ఈ సంస్థ వారు జాప్యం చేయరు. వీరికి పని అప్పగించదలచినవారు పరికరాలు ఎంత ఫ్రీక్వెన్సీ వరకు పనిచేస్తాయో, లిఫ్ట్ కలుస్తుందో లేదో, ఏయే ఆపరేటర్లు సమ్మతించారో కొటేషన్‌లో రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి.