బొహోల్‌లో తువ్వాలుకి 600 పెసోలు, పండగ భోజనానికి సున్నా

ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దీవికి వెళ్లే ఆలోచన ఉంటే తప్పకుండా వెళ్లండి. అక్కడి అలోనా బీచ్ పక్క సందుల్లో మాత్రం గది తీసుకోకండి. ఈ ఒక్క ముక్క చెబుదామనే రాయడానికి కూర్చున్నాను. తీరా మొదలుపెట్టాక, ఆ పల్లెటూరి పండగ గురించి రాయకుండా వదిలేస్తే పాపం అనిపించింది.

మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోనే సెబు నగరంలో మెడిసిన్ చదువుతోంది. సెబు, దావావ్ కాలేజీల్లో మన తెలుగు పిల్లలకు లోటేమీ లేదు. కాలేజీ దగ్గర మెస్‌లో పప్పుచారు పోస్తే మా అత్తయ్య కళ్లు మెరిశాయి. అమ్మాయి అద్దెకుండే ఇంటావిడ పుట్టిల్లు పక్కనే ఉన్న బొహోల్. మే 15న వాళ్ల ఊళ్లో పండగ, మీవాళ్లొస్తే తీసుకురమ్మని ఎప్పటినుంచో పిలుస్తోందట. అందుకని 2025 మే నెలలో నేను, మావారు, అత్తయ్య బయల్దేరాం. వీసాకి తిరిగి, డబ్బు కట్టి, స్టాంపు వేయించుకుని మరీ వెళ్లాం. మేం తిరిగొచ్చాక జూన్‌లో ఇండియా పాస్‌పోర్టుకి 14 రోజుల వరకు పర్యాటక వీసా అక్కర్లేదని ప్రకటించారు. మావారు ఆ వార్త చదివి ఒక పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మీకు ఆ ఖర్చు తప్పింది. అయితే విమానం ఎక్కేముందు ఇ-ట్రావెల్ అని ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది పూర్తిగా ఉచితం. దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి.

సెబు రేవు నుంచి బొహోల్ రాజధాని తగ్బిలరన్‌కి ఫెర్రీలో రెండు గంటలు. మనిషికి 800 పెసోలు అయింది. పెసో అంటే మన రూపాయిన్నర. మావారు ప్రతి అంకెనీ ఒకటిన్నరతో గుణించి చిన్న పుస్తకంలో రాసుకునేవారు. కింద నేను ఇచ్చే లెక్కలన్నీ ఆ పుస్తకంలోవే. తగ్బిలరన్ నుంచి వంతెన దాటితే పాంగ్లావ్ దీవి. బీచ్‌లన్నీ అక్కడే, కొత్త విమానాశ్రయమూ అక్కడే. ఎన్నికలు అయి రెండు రోజులే అయిందేమో, ఏ గోడ చూసినా అభ్యర్థుల నవ్వు ముఖాలే. ఇదొక్కటి మాకు కొత్తగా అనిపించలేదు.

ఇక అలోనా బీచ్ దగ్గర మేం దిగిన లాడ్జి. పేరు రాయను. ఫొటోల్లో కొబ్బరిచెట్లు, నీలం నీళ్లు. బీచ్‌కి మూడు నిమిషాల నడక అని రాశారు. మూడు నిమిషాల్లో బీచ్‌కి కాదు, మెయిన్ రోడ్డుకి చేరతాం. రోజుకి 2,800 పెసోలు ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం, నలుగురం అని స్పష్టంగా రాసి మరీ. కౌంటర్ దగ్గరికెళ్లగానే నాలుగో మనిషికి రోజుకి 700 అన్నారు. బుకింగ్ కాగితం చూపిస్తే రిసెప్షన్ అమ్మాయి తీయగా నవ్వి, "అవును సర్, 700 సర్" అంది. మావారు గొంతు పెంచారు. ఆ అమ్మాయి ఇంకా తీయగా నవ్వింది. అక్కడ అరిచినవాడికి పని జరగదని మా అమ్మాయి చెవిలో చెబుతూనే ఉంది. చివరికి 700తో పాటు తాళంచెవికి 1,000 డిపాజిట్ కూడా నగదుగా పెట్టించుకున్నారు.

గదిలో కుళాయి తిప్పితే ఉప్పునీళ్లు. పాంగ్లావ్‌లో చాలాచోట్ల ఇంతేనట, అందుకు వాళ్లనొక్కరినే తిట్టను. సబ్బు నురగ రాదు, తల అట్టకట్టేస్తుంది. ఏసీ ఉంది కానీ కరెంటు పోతే జనరేటర్ రిసెప్షన్‌కి మాత్రమే. టిఫిన్ ఉచితం అన్నారు కదా అని వెళ్తే అన్నం, గుడ్డు, ఏదో ఒక మాంసం. అత్తయ్యకి మాంసమూ గుడ్డూ వద్దు, అరటిపండు ఇవ్వండి అంటే అన్నం ఒక్కటే పళ్లెంలో పెట్టి, అరటిపండుకి విడిగా 40 పెసోల బిల్లు తెచ్చారు. ఆవిడ ఆ బిల్లు చేతిలో పట్టుకుని, "మనింటి పెరట్లో గెల పండి రాలిపోతుంటుందే" అని రెండుసార్లు అంది.

ఇదంతా ఒక ఎత్తు, ఖాళీ చేసే రోజు ఒక ఎత్తు. అత్తయ్య రోజూ పసుపు రాసుకుని స్నానం చేస్తుంది. వాళ్ల తెల్ల తువ్వాలుకి ఓ మూల పసుపు అంటింది. ఆ మూలని వేలితో ఎత్తి పట్టుకుని, డిపాజిట్‌లోంచి 600 కోసుకుంటున్నాం అన్నారు. అంటే 900 రూపాయలు. తువ్వాలు చూస్తే అంచు దారాలు ఊడిపోయి ఉన్నాయి. సబ్బుపెట్టి ఎండలో ఆరేస్తే పోతుందని అత్తయ్య తెలుగులోనే చెప్పింది, చేతులతో ఉతికి కూడా చూపించింది. "పాలసీ మేడమ్" అన్నారు. అప్పుడు మావారు, "సరే, కొన్నట్టే కదా, తువ్వాలు ఇటివ్వండి" అన్నారు. ఇవ్వరట, అది హోటల్ సామానట! డబ్బులూ వాళ్లవే, తువ్వాలూ వాళ్లదే. అరగంట వాదించాక మేనేజరు వచ్చి తువ్వాలు మడిచి కవర్లో పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు అది మా కారు అద్దం తుడుస్తోంది.

అలోనా బీచ్ సంగతి కూడా చెప్పాలి. ఇసుక తెల్లగా ఉంటుంది, కాదనను. కానీ గట్టిగా పది అడుగులు వేస్తే పడవలాయనో, మసాజావిడో, ముత్యాల దండలబ్బాయో అడ్డం వస్తారు. పొద్దున్నే వచ్చే పడవలన్నీ ఒడ్డునే కట్టేయడంతో ఈత కొట్టే చోటు తక్కువ. అదే దీవిలో దుమలువాన్ బీచ్‌కి వెళ్తే ఇసుక అంతే తెల్లన, గోల సగం. అత్తయ్య మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చుని లేవనంది.

బలికాసాగ్ దీవి దగ్గర తాబేళ్లు చూడటానికి పడవ మొత్తానికి 3,500 మాట్లాడుకున్నాం. తీరా దీవి దగ్గరికెళ్లాక పెద్ద పడవ అక్కడితో ఆగుతుంది. చిన్న పడవకీ, గైడుకీ, కళ్లకి పెట్టుకునే మాస్కుకీ కలిపి తలా 550 అక్కడ మళ్లీ కట్టాలి. ఈ సంగతి ఒడ్డున ఎవరూ నోరు విప్పి చెప్పరు. బేరం కుదిరేముందే "దీవిలో ఇంకా ఎంత కట్టాలి" అని అడగండి. తాబేలు మాత్రం నిజంగా మా అమ్మాయి పక్కనుంచే వెళ్లింది, గడ్డి మేస్తూ, ఎవరినీ పట్టించుకోకుండా. ఆ పూట మావారు పుస్తకం తెరవలేదు.

దీవి లోపలి భాగం చూడటానికి డ్రైవరుతో కారు రోజుకి 3,000 పెసోలు. ఈ డ్రైవర్లు సీతాకోకచిలుకల పార్కు, పాముల పార్కు, నాలుగు చక్రాల బండి తోలే చోటు అంటూ కమీషన్ ఉన్న చోట్లన్నీ తిప్పుతారు. అవన్నీ వద్దని ఎక్కేముందే చెప్పేయండి. టార్సియర్ అని పిడికిట్లో పట్టేంత చిన్న జంతువు ఉంటుంది ఇక్కడ. ఒక్కో కన్నూ దాని మెదడంత ఉంటుందంటారు. ఆ కన్ను గూటిలో కదలదు, అందుకే తలే వెనక్కి తిప్పి చూస్తుంది. పగలంతా నిద్రపోయే జంతువు. మనుషుల గోలా కెమెరా ఫ్లాషూ దానికి ప్రాణసంకటం. వీటిని చూపించే చోట్లలో లొబోక్ ఊరి వైపున్నదానికి బస్సులు బస్సులుగా జనం వస్తారు. మేం పట్టుబట్టి కొరెల్లాలో ఉన్న అభయారణ్యానికి వెళ్లాం. అక్కడ కొద్దిమందినే తీసుకెళ్లి, గైడు వేలు చూపిస్తే తప్ప కనిపించకుండా ఆకు కింద నిద్రపోతున్నదాన్ని చూపించాడు. డ్రైవరు మొహం ముడుచుకున్నాడు, సాయంత్రం దాకా మామూలు మనిషి కాలేదు.

చాక్లెట్ హిల్స్ ఫొటోల్లో ఎంత బావుంటాయో అంతే బావున్నాయి. సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి పైకి లేచి, వానలకి అరిగి, కళ్లంలో పోసిన వడ్ల రాశుల్లా మిగిలింది. 1,200 పైచిలుకు గుట్టలు. ఎండాకాలం చివర్లో గడ్డి మాడి గోధుమరంగుకి తిరిగితేనే ఆ పేరు అతుకుతుంది, కాబట్టి పచ్చదనం కోసం వానాకాలంలో వెళ్లమని ఎవరైనా చెబితే వినకండి. కార్మెన్‌లో చూసే చోటికి 214 మెట్లు. అత్తయ్య కింద నీడలో కూర్చుని, "ఫొటో తీసుకురండి, చాలు" అంది. బొహోల్ దీవికి 2023లో యునెస్కో గ్లోబల్ జియోపార్కు గుర్తింపు వచ్చింది, ఫిలిప్పీన్స్‌లో అదే మొదటిది.

లొబోక్ నది మీద తేలే హోటల్లో భోజనం అని అందరూ ఊదరగొడతారు. తలకి 900 పెసోలు. నది అందం నిజమే, అన్నం చల్లారిపోవడమూ నిజమే, పాటలు చెవులు పగిలేలా. శాకాహారులైతే పండ్లు, నూడుల్స్‌తో సరిపెట్టుకోవాలి. ఆ డబ్బుతో గట్టున లొబోక్ చర్చి చూడండి. 2013 అక్టోబరులో వచ్చిన 7.2 భూకంపానికి అది కూలిపోతే, రాయి రాయి ఏరి మళ్లీ కట్టారు. చర్చికి ఎదురుగా నదిపై సగంలో ఆగిపోయిన వంతెన ఒకటుంది. దాన్ని పూర్తిచేస్తే దారి చర్చి మీదుగా పోవాలి, అందుకని ఊరు ఊరంతా అడ్డం తిరిగింది. బక్లాయోన్ చర్చి ఇంకా పాతది, 1727లో పగడపు రాళ్లతో కట్టింది. అదీ అదే భూకంపంలో దెబ్బతిని తిరిగి లేచింది. తగ్బిలరన్‌లోనే, 1565లో స్పెయిన్ నావికుడు లెగాస్పి, స్థానిక నాయకుడు సికతునా చేతులు కోసుకుని ఒకరి రక్తం ఒకరు తాగి స్నేహం కలుపుకున్న గుర్తుగా శిల్పాలున్నాయి. చూడటానికి పది నిమిషాలు. ఆ స్నేహం ఎటు పోయిందో చెప్పేది దగొహోయ్ కథ: 1744లో అతను మొదలుపెట్టిన తిరుగుబాటును స్పెయిన్‌వాళ్లు అణచడానికి 80 ఏళ్లకు పైగా పట్టింది.

ఇక పండగ. మే నెలలో బొహోల్‌లో రోజూ ఏదో ఒక ఊళ్లో పండగే. ఓడల్లో పనిచేసేవాళ్లు, విదేశాల్లో నర్సులు, అందరూ సెలవు పెట్టుకుని ఇంటికొస్తారు. మే 15 రైతుల దేవుడు సాన్ ఇసిద్రో రోజు. ఇంటావిడ ఊరు కార్మెన్ దారిలో లోపలికి, పొలాల మధ్య. రోడ్డుకి అడ్డంగా రంగు కాగితాల తోరణాలు, ప్రతి ఇంటి తలుపూ బార్లా తెరిచి ఉంది. ఎవరి ఇంట్లోకైనా ఎవరైనా వెళ్లి తినొచ్చు. పిలుపక్కర్లేదు. మేం కూర్చున్నంతసేపట్లో ఒక ట్రైసికిల్ డ్రైవరు లోపలికొచ్చాడు, పళ్లెం నింపుకుని తిన్నాడు, కరోకే మైకు అందుకుని ఒక పాట పాడాడు, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఎవరతను అంటే ఇంటావిడ భుజాలు ఎగరేసింది. ఆమెకీ తెలియదు.

పెరట్లో వెదురు గెడకి గుచ్చిన పంది నిప్పుల మీద తిరుగుతోంది. అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చేసింది. ఈవిడ ఇక్కడ ఏం తింటుందని నాకు ఒకటే టెన్షన్. ఇంటావిడ తల్లి, డెబ్బై దాటిన మనిషి, అత్తయ్యని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. అక్కడ ఒక గిన్నె విడిగా మూతపెట్టి ఉంది. గుమ్మడికాయ, బెండకాయ, మునగాకు కొబ్బరిపాలలో ఉడికించింది, చేప తగలకుండా, గరిటె కూడా వేరుగా. మా అమ్మాయి ముందే ఫోన్‌లో చెప్పి ఉంచిందట. మునగాకు చూసి అత్తయ్య కూర్చుంది. తర్వాత ఊదారంగు పెండలంతో చేసిన హల్వా పెట్టారు. ఉబే అంటారు. బొహోల్ పెండలానికి అక్కడ పెద్ద పేరు. ఒక పిల్లాడి చేతిలోంచి పచ్చి పెండలం దుంప జారి కింద పడితే, ముసలమ్మ గద్దించింది, వాడు దాన్ని తీసి ముద్దుపెట్టుకున్నాడు. కరువు రోజుల్లో ప్రాణం నిలబెట్టిన దుంపట, కింద పడేస్తే అలా క్షమాపణ చెప్పుకోవాలట. "మనం అన్నం కళ్లకద్దుకోమూ" అంది అత్తయ్య. ఆ ఇద్దరికీ ఒక్క మాట భాష కలవదు. మూడు గంటలు మాట్లాడుకున్నారు.

మావారు ఇంట్లో కోడి తప్ప ముట్టరు. అక్కడ మాత్రం కరకరలాడే పంది తోలు ముక్కలు రెండో పళ్లెం తెచ్చుకున్నారు. అత్తయ్య కిటికీలోంచి అటే చూస్తోంది, ఏమీ చూడనట్టు. వస్తూ వస్తూ డబ్బు ఇవ్వబోతే మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేసింది. మేం తీసుకెళ్లిన తాపేశ్వరం కాజాలు పిల్లలు అప్పటికే ఊదేశారు. ఈ పండగల కోసం అప్పులు చేసేవాళ్లూ ఉన్నారని ఇంటావిడే చెప్పింది. వాళ్లింట్లో ఓడ మీద ఉన్న అన్న పంపిన డబ్బు. ఊరికే తిని వచ్చేయడం నాకు ఇప్పటికీ కాస్త ఇబ్బందిగానే ఉంది. మీరు వెళ్తే ఏదైనా తినేది పట్టుకెళ్లండి, ఉత్త చేతులతో వెళ్లకండి.

పండగ నెలలో ఫెర్రీ టికెట్లు వారం ముందే కొనేయాలి. మాకు సాయంత్రం పడవల్లో సీట్లు లేక తగ్బిలరన్ రేవులో రాత్రిదాకా కూర్చోవాల్సి వచ్చింది. కొనుక్కెళ్లడానికి పీనట్ కిసెస్ అని గుట్టల ఆకారంలో బిళ్లలు ప్రతి షాపులో ఉంటాయి, పిల్లలకి బావుంటాయి. నన్నడిగితే హగ్నా ఊరి కలమై కొనండి: బియ్యప్పిండి, కొబ్బరిపాలు, బెల్లంలాంటి చక్కెర కలిపి గంటలు గంటలు కలియతిప్పి, కొబ్బరి చిప్పలో పోసి, పైన ఇంకో చిప్ప బోర్లించి ఎర్ర కాగితంతో అంటిస్తారు. మాకు చిప్ప 120 పడింది. రెండు కొన్నాం, ఒకటి రేవులోనే అయిపోయింది. రెండోదాన్ని ఎయిర్‌పోర్టులో చేతి సంచిలోంచి తీయించి అటూ ఇటూ తిప్పి చూశారు, కాబట్టి పెద్ద పెట్టెలో వేసేయండి.