ట్రైబన్ ఆర్‌సీ 520: బ్రేకుల కోసమే ఇంకా అమ్మలేదు

గేర్లు షిమానో 105 అనీ, ఫ్రేమ్ అల్యూమినియం అనీ ఈ డెకాత్లాన్ రోడ్ సైకిల్ కొనాలని చూస్తున్నవాళ్లకి ముందే తెలుసు. ఏళ్లుగా తొక్కాక నాకు చెప్పాలనిపించేది దీని బ్రేకుల గురించే. లివర్ నుంచి వచ్చేది మామూలు కేబులే, చక్రం దగ్గర డిస్క్‌ని ప్యాడ్లతో పట్టి ఆపే కాలిపర్‌లో మాత్రం ఆయిల్ ఉంటుంది. టీఆర్‌పీ అనే బ్రేకుల కంపెనీ వాళ్ల హైఆర్‌డీ రకం.

నా పాత సైకిల్‌కి చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులు. వానలో నొక్కితే, రిమ్ మీద నీళ్లు తుడుచుకుపోయేదాకా పట్టు దొరికేది కాదు. దీనికి ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కొల్లూరు దాకా సైకిల్ ట్రాక్ మీద, సోలార్ కప్పు కింద తొక్కుతుంటే బ్రేకులతో పెద్దగా పనుండదు. వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది వాటి విలువ. తడి రోడ్డు మీద కూడా రెండు వేళ్లు చాలు. ప్యాడ్లు అరిగినా ఆయిలే సర్దుకుంటుంది, మనం ముట్టుకోనక్కర్లేదని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఒక వానాకాలం సర్వీసింగ్‌కిచ్చి తెచ్చుకున్నాను. మొదట్లో లివర్ భలే గట్టిగా ఉంది, కాస్త తాకితే చాలు పట్టేస్తోంది. వారాలు గడిచేకొద్దీ వదులైంది. మళ్లీ తీసుకెళ్తే మెకానిక్ కేబుల్ ఇంకాస్త బిగించాడు. మళ్లీ వదులు, మళ్లీ బిగింపు. చివరికి అనంతగిరి మలుపులో వెనక బ్రేక్ లివర్ హ్యాండిల్‌కి ఆనుకునేదాకా వచ్చేసింది. ముందు బ్రేక్ మీదే మెల్లగా దిగాను, చేతులు వణికాయి.

కింద టీ తాగుతుంటే మాతో వచ్చిన ఒకాయన కాలిపర్ వైపు ఒకసారి చూసి సంగతి చెప్పేశారు. కేబుల్ లాగే చిన్న ఆర్మ్ ఒకటి ఉంటుంది కదా, లివర్ వదిలినప్పుడు అది పూర్తిగా వెనక్కి వెళ్లాలట. అప్పుడే లోపలి రంధ్రం తెరుచుకుని, ప్యాడ్లు అరిగిన మేరకు ఆయిల్ దిగుతుంది. కేబుల్ బిగిస్తే ఆర్మ్ సగంలోనే ఆగిపోతుంది, రంధ్రం మూసే ఉంటుంది. అంటే వదులైందని బిగించిన ప్రతిసారీ జబ్బు ముదిరిందన్నమాట! ఆయన అక్కడే అడ్జస్టర్ తిప్పి కేబుల్ వదులు చేసి, లివర్ నాలుగైదుసార్లు నొక్కి వదలమన్నారు. పట్టు తిరిగొచ్చేసింది. ఆయిల్ లేకుండా కేబుల్‌తోనే నడిచే డిస్క్ బ్రేకులు వదులైతే కేబుల్ బిగిస్తారు, ఆ పనే ఆ మెకానిక్ దీనికీ చేశాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి.

కాబట్టి ముట్టుకోనక్కర్లేదన్న మాట కొంచెం సవరించుకుంటున్నాను. మనం ముట్టుకోనక్కర్లేదు గానీ, ఎవరైనా ముట్టుకుంటే పక్కన నిలబడి చూడాలి. ఇప్పుడు సర్వీసింగ్‌కి ఇచ్చేముందే చెబుతాను, కేబుల్ బిగించొద్దని. కొందరు విసుక్కుంటారు కూడా.

రేసుల మాటకొస్తే, బరువు పది కేజీలు దాటుతుంది, ఎక్కుడులో అది తెలుస్తుంది. నేను రేసుల్లో ఎప్పుడూ మధ్య గుంపువాణ్ణే, నా ఒంటి బరువే ఎనభై పైన, కాబట్టి సైకిల్ మీద నెపం పెట్టలేను. వారమంతా దీని మీదే ఆఫీసుకి వెళ్తాను, వెనక క్యారియర్ బిగించుకునే వీలుంది. ఆదివారం టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) ఉంటే ముందురోజు రాత్రి క్యారియర్ విప్పేసి టైర్లు మారుస్తాను. ఇంట్లో ఒక్క సైకిల్‌కే చోటున్న నాలాంటివాళ్లకి సరిపోతుంది. కొండ రేసుల్లో పోడియం ఎక్కాలనుకుంటే, డబ్బు కూడా ఉంటే, తేలికైనది చూసుకోండి.