టోక్యో డిస్నీసీలో ఒక్క రోజు: పొద్దున్న పాడుచేసిన హోటల్, అత్తయ్య మనసు దోచిన చందు

ముందు నా కడుపుమంట చెప్పేస్తా, తర్వాత ప్లానింగ్ సంగతులు. పాప ఏడో పుట్టినరోజుకి జపాన్‌లోని డిస్నీ థీమ్ పార్క్ టోక్యో డిస్నీసీ చూపిద్దామని ఏడాది ముందునుంచీ అనుకుని, నేనూ మా వారూ అత్తయ్యా పాపా నలుగురం బయల్దేరి వెళ్తే, పార్క్ గేట్లు తెరిచే టైమ్‌కి మేం ఇంకా హోటల్ లాబీలో టాక్సీ కోసం కూర్చుని ఉన్నాం. ఆ గంటన్నర గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

హోటల్ షిన్-ఉరయాసు వైపు, అంటే పార్క్ ఉన్న మైహామా స్టేషన్ తర్వాతి స్టేషన్. రాత్రికి నలుగురికి కలిపి ఒక రూమ్ 19,800 యెన్. బుకింగ్ పేజీలో పార్క్‌కి ఫ్రీ షటిల్ బస్ అని పెద్దక్షరాలతో రాసుంది, నేను అది చూసే బుక్ చేశా. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి చెకిన్ అయ్యాం, రిసెప్షన్‌లో అబ్బాయి కీ ఇచ్చాడు, టిఫిన్ కూపన్లు ఇచ్చాడు, వైఫై పాస్‌వర్డ్ కాగితం ఇచ్చాడు, బస్ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దున ఏడింటికి నలుగురం తయారై కిందకి దిగితే బస్ ఎదురుగానే ఉంది, ఎక్కబోతే డ్రైవర్ టోకెన్ చూపించమన్నాడు. ఏం టోకెన్? లాబీలో లిఫ్ట్ పక్కన మూలకి ఒక మెషిన్ ఉందట, ముందురోజు సాయంత్రమే అందులోంచి టోకెన్లు తీసుకోవాలట, దాని మీద నోటీసు మొత్తం జపనీస్‌లోనే. ఏడింటి బస్, ఏడున్నర, ఎనిమిది అన్నీ ఫుల్, మళ్ళీ ఖాళీ ఉన్నది తొమ్మిదిన్నరకి! రిసెప్షన్‌కి వెళ్ళి అడిగితే, మీరు చెకిన్ అప్పుడు అడిగుంటే చెప్పేవాళ్ళం కదా అన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మెషిన్ ఉందని తెలిస్తేనే కదా దాని గురించి అడిగేది.

స్టేషన్‌కి నడుద్దామంటే ఇరవై ఐదు నిమిషాలు, అత్తయ్య మోకాళ్ళకి అది కుదరదు. టాక్సీ పిలవమంటే అందరూ అదే పని మీద ఉన్నట్టున్నారు, చాలాసేపటికి వచ్చింది, మీటర్ 2,300 యెన్ అయ్యింది. మా వారికి కోపం వస్తే అరవరు, మాట్లాడ్డం మానేస్తారు, దారంతా కిటికీలోంచి బయటకే చూశారు. పాప అయితే "గేట్లు మూసేస్తారా అమ్మా" అని పదిసార్లు అడిగింది. అత్తయ్యే "పుట్టినరోజు పూట గొడవలొద్దు అమ్మాయ్, వెళ్తున్నాంగా" అని సర్దిచెప్పారు.

ఆ గంటన్నరకి అంత విలువేంటి అంటారేమో, చెప్తా. పార్క్ తొమ్మిదింటికని రాసున్నా చాలాసార్లు అంతకంటే ముందే గేట్లు తెరుస్తారు, జనం ఏడున్నర నుంచే లైన్లో ఉంటారు. పార్క్ ఆనుకుని ఉన్న డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళని అందరికంటే పావుగంట ముందు పంపుతారు. లోపలికి అడుగుపెట్టాకే పార్క్ యాప్‌లో ప్రీమియర్ యాక్సెస్ కొనగలం, అంటే డబ్బు కట్టి లైన్ తప్పించుకునే పాస్ అన్నమాట, రైడ్‌ని, షోని బట్టి మనిషికి 1,500 నుంచి 2,500 యెన్ దాకా ఉంటుంది. ఒకటి కొన్నాక వెంటనే ఇంకోటి కొననివ్వదు, మధ్యలో గంట ఆగాలి. అందుకే పొద్దున్నే వచ్చినవాళ్ళకి మంచి రైడ్లు మంచి టైమ్‌కి దొరుకుతాయి, మేం లోపలికి వెళ్ళేసరికి పావుతక్కువ పది, ఫ్రోజెన్ సినిమా మీద కట్టిన రైడ్ పాస్ అప్పటికే అయిపోయింది. మామూలు లైన్ 140 నిమిషాలు చూపిస్తోంది. పాప ఏడాదిగా కలవరిస్తున్నది ఆ ఒక్క రైడ్ కోసమే.

టిక్కెట్ల సంగతి: తేదీని బట్టి రేటు మారుతుంది, పెద్దవాళ్ళకి 7,900 నుంచి 10,900 యెన్ దాకా ఉంది. మేం వెళ్ళింది నవంబర్ మంగళవారం, పెద్దవాళ్ళకి 8,900, పాపకి 5,300, మొత్తం 32,000 యెన్. 4 ఏళ్ళ లోపు పిల్లలకి టిక్కెట్ లేదు. రెండు నెలల ముందే అమ్మకం మొదలవుతుంది, ముందే కొనేసుకుని నలుగురి టిక్కెట్లూ ఒకే ఫోన్‌లో యాప్‌కి కలిపి పెట్టుకోండి, లేకపోతే పాస్‌లు కొనేటప్పుడు ఇద్దరికి ఒక ఫోన్లో ఇద్దరికి ఇంకో ఫోన్లో అని తికమక అవుతుంది. ఆ టిక్కెట్ ఒక్క పార్క్‌కే, పక్కనున్న డిస్నీలాండ్‌కి వేరే. ఒక్క రోజే ఉంటే రెండూ చుట్టేద్దాం అనుకోవద్దు. కోట, పరేడ్‌లు, మరీ చిన్నపిల్లలు అయితే 1983లో పెట్టిన డిస్నీలాండ్‌కే వెళ్ళండి. 2001లో తెరిచిన డిస్నీసీ మాత్రం సముద్రం, ఓడలు, రేవులు అన్న ఊహ మీద కట్టింది, ఇలాంటి డిస్నీ పార్క్ ఇంకెక్కడా లేదు, నేనైతే కళ్ళు మూసుకుని దీనికే ఓటేస్తా.

దారి కూడా తెలుసుకుని వెళ్ళండి. టోక్యో స్టేషన్ నుంచి కేయో లైన్ ఎక్కి మైహామాలో దిగాలి, ట్రైన్‌లో కూర్చునేది పావుగంటే కానీ టోక్యో స్టేషన్ లోపల ఆ ప్లాట్‌ఫామ్‌కి నడవడానికే ఇంకో పావుగంట, పెద్దవాళ్ళు ఉంటే ఇది లెక్కలో వేసుకోండి. మైహామా నుంచి డిస్నీసీకి మోనోరైల్ ఉంది, కిటికీలు మిక్కీ తలకాయ ఆకారంలో ముద్దుగా ఉంటాయి, కానీ అదేం ఫ్రీ కాదు, పెద్దవాళ్ళకి 300 యెన్.

సరే లోపలికొచ్చేద్దాం. ఫ్రోజెన్ పోయిందని పాప కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే గేటు దగ్గర ఒక స్టాఫ్ అమ్మాయి చూసి ఏమైందని అడిగింది, ఈరోజు దీని పుట్టినరోజు అని చెప్పా. వెంటనే పుట్టినరోజు స్టిక్కర్ తీసి పాప పేరు రాసి చొక్కాకి అంటించింది. దానికి డబ్బులేం లేవు, అడిగితే ఎవరికైనా ఇస్తారు. ఇక ఆ రోజంతా పాప్‌కార్న్ అమ్మేవాళ్ళు, నేల ఊడ్చేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, కనిపించిన ప్రతి ఒక్కరూ ఆగి పాపకి హ్యాపీ బర్త్‌డే చెప్పారు. అప్పటిదాకా మూతి ముడుచుకున్న మా వారు కూడా అప్పుడే నవ్వారు.

ఫ్రోజెన్ బదులు పీటర్ పాన్ రైడ్‌కి పాస్ దొరికింది, ముగ్గురికి 6,000 యెన్, త్రీడీ అద్దాలు పెట్టుకుని పడవలో ఎగురుతాం, ఆ డబ్బుకి న్యాయం జరిగింది. ఈ రెండూ, రపుంజెల్ రైడూ ఉన్న ఫాంటసీ స్ప్రింగ్స్ 2024 జూన్‌లో తెరిచిన కొత్త భాగం, జనం అంతా పొద్దున్నే అటే పరిగెడతారు. పాస్ దొరక్కపోతే దిగులు పడకుండా ముందు మిగతా రేవులు (పార్క్‌లో ఒక్కో భాగాన్ని రేవు అనే అంటారు) చూసేయండి.

అగ్నిపర్వతం లోపల నుంచి దూసుకెళ్ళే జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్‌కి ఎత్తు 117 సెంటీమీటర్లు ఉండాలి, పాప 116. కొలకర్రతో రెండుసార్లు కొలిచి, ఆ స్టాఫ్ కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని పాప కళ్ళల్లోకి చూసి సారీ చెప్పాడు, మాకు కాదు, పాపకి. ఇండియానా జోన్స్ రైడ్‌కి కూడా అదే 117. సోరింగ్, టవర్ ఆఫ్ టెర్రర్ అనే రైడ్లకి 102 చాలు. ఇంట్లోనే పిల్లల్ని చెప్పులు లేకుండా కొలుచుకుని వెళ్ళండి, అక్కడిదాకా వెళ్ళి లైన్ దగ్గర ఏడుపు చూడ్డం కష్టం. మా వారు ఒక్కరే ఎక్కొచ్చారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అత్తయ్యకి కుదుపులు పడవు, ఆవిడ ఏం చేస్తారా అని నాకు బెంగ ఉండేది. అరేబియన్ కోస్ట్ అనే రేవులో సింద్‌బాద్ పడవ రైడ్ ఉంది, పది నిమిషాలు మెల్లగా సాగుతుంది, మేం వెళ్ళినప్పుడు లైన్ ఐదు నిమిషాలే. సింద్‌బాద్ పక్కన ఒక బుజ్జి పులిపిల్ల ఉంటుంది, దాని పేరేంటో తెలుసా, చందు! అత్తయ్య అది వినగానే "చందుగాడా!" అని పడవలోనే గట్టిగా నవ్వేశారు. పాటలన్నీ జపనీస్‌లోనే, ఒక్క ముక్క అర్థం కాదు, అయినా కథ మొత్తం కళ్ళకి కనిపిస్తుంది, దొంగల నుంచి పక్షి పిల్లల్ని కాపాడ్డం, బంధించిన రాక్షసుణ్ణి విడిపించడం, వాడు సంతోషంగా వాయిద్యం వాయించడం, కోతుల రాజ్యం, తిమింగలం. బొమ్మల కళ్ళు, వేళ్ళు, పెదాలు కూడా కదులుతాయి. ఆవిడ మూడుసార్లు ఎక్కారు, రెండోసారి పాపని, మూడోసారి మా వారిని వెంటబెట్టుకుని. ప్రతి సీన్‌లో చందు ఎక్కడ దాక్కున్నాడో వెతకడమే పని. పాస్‌ల కోసం వేలు పోసే జనం ఈ రైడ్ ముందునుంచే నడిచి వెళ్ళిపోతుంటే నాకు వాళ్ళని ఆపి చెప్పాలనిపించింది.

తిండి విషయంలో శాకాహారులకి కష్టమే. కాస్బా ఫుడ్ కోర్ట్‌లో కర్రీ, నాన్ వాసనకి అత్తయ్య ఆశగా చూశారు కానీ అన్నీ మాంసం, రొయ్యలతోనే. బయట తిండి లోపలికి తేకూడదు, గేటు బయట పిక్నిక్ ఏరియా మాత్రం ఉంది. ఆవిడ బంగాళాదుంప ఫ్రైస్, పాప్‌కార్న్, పళ్ళతో సరిపెట్టుకున్నారు, పొద్దున హోటల్లో కడుపునిండా తిని రావడం మేలయింది. పాప్‌కార్న్‌లో కర్రీ ఫ్లేవర్ ఉంది, అది బాగుంది. మెడలో వేసుకునే బకెట్ అయితే మూడు వేల యెన్ దాటింది, పాప పుట్టినరోజు కాబట్టి కొన్నాం, లేకపోతే మామూలు డబ్బానే చాలు.

మధ్యాహ్నం సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే: రపుంజెల్, స్టీమర్ బోట్ మీద పార్క్ చుట్టూ తిరగడం, ఎలక్ట్రిక్ రైల్.

సాయంత్రం చీకటి పడ్డాక జనం అంతా రాత్రి షో కోసం హార్బర్ గట్టు మీద చోటు పట్టుకుంటుంటే మా వారు యాప్ చూసి ఫ్రోజెన్ 70 నిమిషాలకి దిగింది అన్నారు. షో వదిలేసి లైన్లోకి వెళ్ళాం. సముద్రపు గాలికి చలి బాగా ఉంది, నవంబర్‌లో అయితే జాకెట్లు తప్పకుండా పెట్టుకోండి, అత్తయ్య శాలువా పాపకి చుట్టారు. పడవ మంచు కోటలోకి వెళ్ళి పాట మొదలవ్వగానే పాప జపనీస్ పాట మీద తన సొంత మాటలు పెట్టి గొంతెత్తి పాడింది, ముందు సీట్లో జపనీస్ ముసలాయన వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు. నేను షో చూడలేకపోయా అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

తిరుగు బస్‌కి కూడా టోకెనే, అది మాత్రం పొద్దున్నే తీసి పెట్టుకున్నా. హోటల్‌కి వెళ్ళాక టాక్సీ డబ్బులన్నా ఇమ్మని అడిగా, వంగి వంగి సారీ చెప్పారు కానీ ఒక్క యెన్ ఇవ్వలేదు. షటిల్ ఉందని రాసిన హోటల్ బుక్ చేసేముందు మెయిల్ పెట్టి మూడు అడగండి: టోకెన్ కావాలా, ఎప్పుడు ఎక్కడ తీసుకోవాలి, పొద్దున మొదటి బస్ ఎన్నింటికి. జవాబు సరిగ్గా రాకపోతే ఇంకో ఐదారు వేల యెన్ ఎక్కువైనా మైహామా స్టేషన్‌కో మోనోరైల్‌కో నడిచి వెళ్ళగలిగే చోటే తీసుకోండి. మేం 2,300 టాక్సీకి పోశాం, పాపకి ఫ్రోజెన్ దొరుకుతుందో లేదో అని రాత్రి దాకా టెన్షన్ పడ్డాం. మళ్ళీ వెళ్ళేది పాప 117 దాటాకే, అత్తయ్య అప్పుడే బ్యాగ్‌లో చందు బొమ్మకి చోటు ఉంచమంటున్నారు.